నీడ డ్యూటీ

మా బావ దేవయ్యకు కుదురు లేదు. పుట్టు లక్షణం అనడానికి లేదు, మా చెల్లెలు శాంతవ్వనిచ్చి చేసిన నాడు పీటల మీద పద్ధతిగానే కూర్చున్నాడు. ఒమాన్ వచ్చాక, అందులోనూ ఆ ఎండాకాలంలో, ఆయన కాలు ఒకచోట నిలవడం మానేసింది. శుక్రవారం సెలవు నాడు మేమంతా రూమ్‌లో మంచాల మీద పడి ఉంటే ఈయన తలుపు దగ్గరికి పోతాడు, అక్కణ్ణుంచి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి, అక్కణ్ణుంచి మళ్ళీ తలుపు దగ్గరికి. కూర్చుంటే మోకాలు ఊగుతుంది. పడుకుంటే రెండు చేతులతో పొట్ట పట్టి చూసుకుంటాడు. నాకు ఒళ్ళు మండేది.

"ఏం జూస్తున్నవ్ బావా? కడుపుల పిల్లగాడు తన్నుతుండా?" అని అడిగాను ఒకనాడు.

"పెరిగినట్టున్నది బావా," అన్నాడు. నవ్వలేదు.

పెరగడానికి అక్కడేముంది? పొట్ట వీపుకు అంటుకుపోయింది. ఆ మాట చెబితే నమ్మడు. ఇంకో పది మంది చెప్పినా నమ్మడు. ఆయన నమ్మేది డబ్బాను ఒక్కదాన్నే.

ఆ డబ్బా సంగతి చెప్పాలంటే ముందు మా డ్యూటీల సంగతి చెప్పాలి. కంపెనీ కాగితాల్లో వాటికేం పేర్లున్నాయో నాకు తెలియదు గానీ, రూవీలోని మా క్యాంపులో మాత్రం ఎండ డ్యూటీ, నీడ డ్యూటీ అనేవాళ్ళం. ఎండ డ్యూటీ అంటే సీబ్ సైట్. పొద్దున లారీ ఎక్కితే మాపటిదాకా కాంక్రీటు తట్టలు మొయ్యడమే. నీడ డ్యూటీ అంటే ఏసీ పని. ఆ ఏళ్ళలో మస్కట్ చుట్టుపక్కల గొప్పవాళ్ళ ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. మేడ మీద పెద్ద మెషీన్, అక్కణ్ణుంచి కప్పు కింద ప్రతి గదికీ రేకు సొరంగాలు. వాటిని డక్టులంటారు. చల్లగాలి వాటిలోంచి వచ్చి జాలీల గుండా గదుల్లో పడుతుంది. గాలితో పాటు దుమ్మూ పోతుంది. ఇల్లు ఎంత గొప్పదైనా దాని గొంతులో పేరుకునేది ఎడారి దుమ్మే. ఇంట్లో వాళ్ళకు తుమ్ములు మొదలైతే మమ్మల్ని పిలుస్తారు. సన్నటివాడొకడు బ్రష్షు, టార్చిలైటు పట్టుకుని లోపలికి దూరి, దుమ్మునంతా జాలీ కంతల దాకా తోసుకొస్తాడు. వాడి కాలికి ఒక తాడు కడతారు. ఆ తాడు పట్టుకుని, కింద గోనెసంచిలోకి దుమ్ము ఎత్తడానికి బలమైనవాడొకడు ఉండాలి. దూరేవాడు మా బావ, తాడు పట్టేవాణ్ణి నేను.

పని చేసేటప్పుడు మెషీన్ ఆపేస్తారు కనుక డక్టులోనూ ఉడుకే. ఎక్కడైనా ఉడకడమే గదా, దానికింత ఆరాటమెందుకని అడిగితే బావ ఒకటే జవాబు చెప్పేవాడు.

"ఉడికితే ఉడుకుత. ఎండ గాదు గద."

ఆ భయం ఊరికే రాలేదు. కిందటేడు ఇద్దరం సీబ్ సైట్‌లోనే ఉన్నాం. స్లాబు పోస్తున్నారు. వరసలో బావకు ముందు మా ఊరి లచ్చన్న. తట్ట అందుకుందామని బావ చేతులు చాపితే లచ్చన్న తట్టతో సహా ఆయన మీద పడ్డాడు. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. బావే భుజాన వేసుకుని నీళ్ళ ట్యాంకరు దాకా పరిగెత్తాడు. ప్రాణం దక్కింది, అంతే. లచ్చన్నను విమానం ఎక్కించి పంపేశారు. ఇప్పుడు ఊళ్ళో సొంత బిడ్డను చూసి, నువ్వెవరి పిల్లవే అని అడుగుతున్నాడట. ఆ కబురు వచ్చిన నాటి నుంచి బావ ఎండలో నీళ్ళ డ్రమ్ము దాకా నడవాలన్నా తలకు తువ్వాల చుట్టుకునేవాడు.

ఇక నీడ డ్యూటీ ఎవరికి చేదు? క్యాంపులో ప్రతివాడికీ కావాలి. అందుకని మా ఫోర్‌మన్ మొయినుద్దీన్ సాబ్ ఒక ఉపాయం చేశాడు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. గడ్డానికి మెహిందీ, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. రెండు వైపులా నోరు తెరిచిన ఒక డక్టు ముక్క తెచ్చి క్యాంపు వాకిట్లో పెట్టించాడు. అదే డబ్బా. శనివారం పొద్దున బండ్లు కదిలే ముందు, నీడ కావాలన్నవాడు దాన్లో ఒక వైపు దూరి రెండో వైపు తేలాలి. తేలితే ఏసీ పనికి పోయే పికప్, ఇరుక్కుంటే సీబ్ లారీ. కొన్ని ఇళ్ళల్లో మలుపుల దగ్గర డక్టు మరీ సన్నగా ఉంటుందనీ, లోపల ఇరుక్కుంటే చావేననీ చెప్పేవాడు. నేను మొదటి శనివారమే భుజాల దగ్గర ఇరుక్కున్నాను. నలుగురు కాళ్ళు పట్టి లాగితే గానీ బయటికి రాలేదు. క్యాంపంతా పడీ పడీ నవ్వింది. ఆ భుజాలు చూసే సాబ్ నా చేతికి తాడిచ్చాడు.

బావ మాత్రం ప్రతి శనివారం తేలేవాడు. తేలి లేచిన క్షణం నుంచీ వచ్చే శనివారం గురించి దిగులు మొదలు. అన్నం తగ్గించాడు. ఊరికే తగ్గిస్తే రూమ్ వాళ్ళు అడుగుతారని దేవుళ్ళను అడ్డం పెట్టుకున్నాడు. సోమవారం వేములాడ రాజన్నకు ఒక్కపొద్దు. మంగళవారం కొండగట్టు అంజన్నకు. గురువారం సాయిబాబాకు, శుక్రవారం లక్ష్మీదేవికి, శనివారం ఎంకన్నకు, ఆదివారం మల్లన్నకు. ఏ దేవుడూ దొరకని బుధవారం నాడు కడుపులో బాగాలేదనేవాడు. ఒక్కపొద్దంటే మా దిక్కున పొద్దంతా పస్తుండి, మాపటికి స్నానం చేసి, ఒక్కపూట కడుపునిండా తినడం. బావ ఆ ఒక్కపూటను కూడా సగం రొట్టెకు దించాడు.

క్యాంపు వాళ్ళు దాన్ని భక్తి అనుకున్నారు! మొదట వెనకాల నవ్వినవాళ్ళు తర్వాత 'దేవయ్య సామి' అనడం మొదలుపెట్టారు. ఊరి నుంచి చెడ్డ కబురు వస్తే ఈయన దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్ళు. పెళ్ళాం నీళ్ళాడబోతోందని ఒకడు ఈయన కాళ్ళకు మొక్కాడు. గంగారాం అని ఒకడుండేవాడు, సీబ్ సైట్‌లో తట్ట మోసేవాడు, ప్రతి శనివారం డబ్బాలో ఇరుక్కునేవాడు. వాడికి ఈయన మీద ఎంత గురి కుదిరిందంటే, తనూ ఒక్కపొద్దులు మొదలుపెట్టాడు. దేవుడు దయ తలిస్తే డబ్బాలో తేలతానని వాడి ఆశ. ఈయనేమో వాడు ఎదురొస్తే తల తిప్పుకునేవాడు. ఎవరైనా కాళ్ళకు మొక్కిన నాడు ఇంకా ఎక్కువ తిరిగేవాడు, తలుపుకూ డ్రమ్ముకూ మధ్య. నాకు మాత్రం ఆ దేవుళ్ళందరి మీదా జాలేసేది.

ఆ సోమవారం ఖురుంలో ఒక ఇంటికి పోయాం. విశ్వేశ్వరరావు గారని పెద్ద ఉద్యోగస్థుడి ఇల్లు. రాజమండ్రి వాళ్ళు. ఆయన ఆఫీసుకు పోయాడు. మొయినుద్దీన్ సాబ్ మమ్మల్ని దింపి, మెషీన్ ఆపించి, ఇంకో ఇంటి పని చూసి, మధ్యాహ్నం నమాజు చేసుకుని వస్తానని పోయాడు. మేం సామాన్ల మీద దుప్పట్లు కప్పుతూ మాట్లాడుకుంటుంటే ఆ ఇంటావిడ సీతాదేవమ్మ గారు లోపల్నుంచి పరుగున వచ్చింది.

"తెలుగువాళ్ళా! ముందే చెప్పొద్దూ! ఏ ఊరు నాయనా మీది?"

"జగిత్యాల దిక్కమ్మా," అన్నాను.

"పని ఎక్కడికీ పోదు. ముందు చేతులు కడుక్కుని రండి. ఖాళీ కడుపుతో నా ఇంట్లో పని చెయ్యనిస్తానా?"

నేను అప్పటికే చేతులు కడిగేశాను. బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు ఒక్కపొద్దమ్మా. ఇయ్యాల సోమారం."

"ఉపవాసమా? అయ్యో, అలా చెప్పు. అయితే నీకు ఫలహారం చేస్తాను."

ఫలహారమంటే ఒక అరటిపండు, కొన్ని ఖర్జూరాలు అనుకున్నాం. వంటింట్లో పెనం మీద చుయ్‌మంది. కాసేపటికి ఆవిడ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. పెసరట్లు, ఒకటి మీద ఒకటి. లోపల ఉప్మా. పక్కన అల్లప్పచ్చడి. మా రూమ్‌లో ముగ్గురం తినే తిండి అది.

"అమ్మా... ఉపాసం," అన్నాడు బావ.

"అన్నం ముట్టకూడదు గానీ అట్టు తినకూడదని ఎవరన్నారయ్యా? మా అత్తగారు ప్రతి సోమవారం ఉపవాసమే. పళ్ళెంలో మూడు తగ్గితే ఊరుకునేవారు కాదు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. వాళ్ళ వైపు ఉపవాసం మా వైపు పెళ్ళి భోజనంలా ఉంది. బావ నవ్వలేదు. పళ్ళెం వంక చూస్తున్నాడు. అల్లప్పచ్చడి వాసనకు ఆయన గొంతు కదలడం నేను చూశాను. చెయ్యి ముందుకు పోయింది. అట్టు అంచు తగిలింది. అంతలో రెండో చెయ్యి పొట్ట మీదికి పోయింది. లేచి నిలబడ్డాడు.

"పని అయినంక తింట తల్లీ. మూత పెట్టున్రి."

"దేవుడంటే ఎంత నిష్ఠో!" అని ఆవిడ చెంపలు వేసుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడమనిషి ప్రేమగా వండిపెడితే తినకుండా లేవడమేమిటి? ఆవిడ అటు తిరగగానే పళ్ళు కొరుకుతూ చెప్పాను. "బావా, రాజన్న నిన్ను జూసి మొకం దాసుకుంటడు. తిను."

"శనివారం డబ్బా ఉన్నది," అన్నాడు. ఆయనకు శనివారం తప్ప వారమే లేదు.

వంటింటి పక్కన పెద్ద డక్టు మూత విప్పి, నిచ్చెన వేసి, కాలికి తాడు కట్టాను. ముక్కుకు గుడ్డ చుట్టుకుని లోపలికి పోయాడు. మా తాడు భాష ఏమంత పెద్దది కాదు. ఒకసారి గుంజితే ఆగమని, రెండుసార్లు గుంజితే లాగమని. కాసేపు బాగానే సాగింది. నెత్తి మీద రేకు కిర్రుకిర్రుమంటోంది, హాల్లో జాలీ కంతలోంచి దుమ్ము ధారగా పడుతోంది, నేను సంచి పట్టుకుని తుమ్ముతున్నాను. సీతాదేవమ్మ గారు ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని, "ఇన్నాళ్ళూ ఇదంతా మేం పీల్చామా!" అంటోంది.

తర్వాత దుమ్ము ఆగింది. రేకు చప్పుడూ ఆగింది.

"బావా!"

జవాబు లేదు. తాడు ఒకసారి గుంజాను. అటునుంచి ఏమీ రాలేదు. గోడకు తగిలించిన గడియారం చప్పుడు మాత్రం వినబడుతోంది. మలుపులో ఇరుక్కున్నాడనుకున్నాను. ఇరుక్కున్న మనిషిని లాగాలంటే ఎంత బలం కావాలో నాకు తెలుసు, నన్నే నలుగురు లాగారు. నిచ్చెనెక్కి, మెట్టుకు కాలు తన్నిపెట్టి, తాడు చేతికి చుట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాను.

నిండు బొక్కెన అనుకుని లాగితే ఖాళీ బొక్కెన వచ్చినట్టయింది. వెనక్కి తూలి నిచ్చెన మీంచి జారి గచ్చు మీద పడ్డాను. మా బావ డక్టు నోట్లోంచి జర్రున జారి వచ్చి నా మీద పడ్డాడు. పడినా నాకు దెబ్బ తగల్లేదు. మనిషిలో బరువు లేదు. చేతుల్లోకి తీసుకుంటే మా శాంతవ్వ పెద్ద కొడుకును ఎత్తుకున్నట్టే ఉంది. ముఖమంతా దుమ్ము, కళ్ళు మూసుకుని ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

ఆవిడ మజ్జిగ తెచ్చింది, ఉప్పు వేసి చెంచాతో పోసింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు.

"ఎండనా?" అని అడిగాడు.

"ఎండ లేదు, గిండ లేదు. నీడలనే వడ్డవ్," అన్నాను.

"ఎన్నాళ్ళయిందయ్యా నువ్వు తిని?" అని ఆవిడ అడిగింది. ఆయన చెప్పడని నాకు తెలుసు. "ఇది ఉపాసం గాదమ్మా," అని నేనే మొత్తం కక్కేశాను. డబ్బా, శనివారం, లారీ, లచ్చన్న, అన్నీ. ఆవిడ మూత పెట్టిన పళ్ళెం తెచ్చి, అట్టు తుంచి ముక్కముక్కగా ఆయన చేతిలో పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా అలాగే ఉంచుకున్నాడు. నా వంక చూశాడు. నేను కళ్ళెర్రజేశాను. అప్పుడు నమిలాడు.

అంతలో మొయినుద్దీన్ సాబ్ వచ్చాడు. గచ్చు మీద దేవయ్యను చూసి ముందు కంగారుపడ్డాడు, నాడి పట్టి చూశాడు, బతికే ఉన్నాడని తేలాక పని గుర్తొచ్చింది. సగం డక్టు అలాగే ఉంది. సాయంత్రం ఆ ఇంటికి చుట్టాలొస్తారు, ఈలోగా మెషీన్ నడవాలి.

"పెద్దులూ, నువ్వు దూరు," అన్నాడు.

"నేనా? సాబ్, నేను డబ్బాల్నే పట్టలే. మలుపుల ఇరుక్కుంటె సస్త."

"చావవ్ రే. జల్దీ పో. తాడు నేను పట్టుకుంట."

తిట్టుకుంటూ తల దూర్చాను. తర్వాత భుజాలు. ఆగి చూసుకున్నాను. రెండు వైపులా చెయ్యి పట్టేంత జాగా. ఇంకొంచెం పోయాను. మోకాళ్ళ మీద నడిచాను. సాబ్ చెప్పిన ఆ చావు మలుపు వచ్చింది. నా భుజాలు, నా వీపు, నా పొట్ట, అన్నీ కలిపి హాయిగా తిరిగాయి. ఆ చీకట్లో, ఆ ఉడుకులో, నోట్లో దుమ్ముతో నేను ఎన్ని బూతులు తిట్టానో ఆ డక్టుకే తెలుసు. పని ముగించి బయటికి వచ్చి నిచ్చెన దిగకుండానే మొదలుపెట్టాను.

"సాబ్, గా డబ్బా ఎక్కడిది? గిసొంటి డక్టుది గాదు గద? ఏ పిల్లికి చేసిన్రు దాన్ని?"

సాబ్ లవంగం ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చాడు. సీతాదేవమ్మ గారు వంటింట్లోకి పోయేదాకా ఆగాడు.

"చిన్న గదికి పోయే కొమ్మ డక్టు ముక్క అది. దాన్ల ఎవడూ దూరడు, కర్రకు బ్రష్షు కట్టి తోస్తం. విను రే పెద్దులూ. క్యాంపు మొత్తానికి నీడ గావాలె. నా దగ్గర ఉన్న నీడ ఇద్దరు ముగ్గురికి సరిపోతది. నువ్వు ఎండకు పో అని నేను ఎవనికి చెప్పాలె? నేను చెప్తే నన్ను తిడతడు, ఊళ్ళె వాని పిల్లలు నన్ను తిడతరు. డబ్బా చెప్తే ఎవడూ ఎవణ్ణీ తిట్టడు. తన భుజాన్ని తనే తిట్టుకుంటడు."

నిజమే. నేనూ తిట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి మరీ తిట్టుకున్నాను.

సాబ్ బావ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "దేవయ్యా, నీ జాగా పక్కా. ఇంక నువ్వు డబ్బాల దూరే పని లేదు. ఖానా ఖావ్, మంచిగ తిను. ఈ మాట మాత్రం ముగ్గురిల్నే ఉండాలె."

బావ తల ఊపాడు. నాకు కోపం పోయి ఒక్కసారిగా ప్రాణం లేచివచ్చింది. అబద్ధమైతేనేం, మా శాంతవ్వ మొగుడు ఇక ఎండలోకి పోడు, తిండి తింటాడు. అంతకన్నా నాకేం కావాలి? సీతాదేవమ్మ గారు మిగిలిన అట్లు కాగితంలో చుట్టి ఇచ్చింది.

పికప్ వెనక కూర్చుని వస్తుంటే బావ ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని విప్పలేదు. మోకాలు ఊగుతూనే ఉంది.

"ఇంకేంది బావా నీ బాధ? తిను," అన్నాను.

"నాకెరికే," అన్నాడు.

"ఏం ఎరికె?"

"డక్టుల జాగ ఉంటదని. రోజు దూరేటోణ్ణి, నాకు తెల్వదా? నీ అసొంటోళ్ళు గూడ పడుతరు. మొదటి దినమే తెలిసింది."

నాకు కొట్టాలనిపించింది.

"తెలిసి ఎందుకు చెప్పలే?"

"చెప్తె అందరు ఒస్తరు. నా నీడ పోతది. ఎండల వడ్డోణ్ణి భుజం మీద మోసింది నేను బావా, నువ్వు గాదు. డబ్బా అబద్దమైనా నా దిక్కు ఉన్నది. సప్పుడు జెయ్యకుండ దూరిన. డబ్బాల పట్టేటంత సన్నగుంటె చాలనుకున్న." పొట్లం మీద చెయ్యి పెట్టాడు. "గంగారాం గూడ ఒక్కపొద్దులు వడుతుండు. నన్ను జూసి. ఆ కడుపుతోని ఎండల తట్ట మోస్తుండు."

"వాని కర్మ. నువ్వు చెప్పినవా వానికి ఉపాసముండమని?" అన్నాను. నాకు భయం వేసింది. ఆ మాట ఎటు పోతోందో అర్థమైంది.

ఆ వారమంతా ఆయన తినడానికి కూర్చునేవాడు, నాలుగు ముద్దలు తినేవాడు, లేచి తలుపు దగ్గరికి పోయేవాడు. ఇదివరకు డబ్బా భయంతో తిరిగేవాడు. డబ్బా భయం పోయాక ఇంకా ఎక్కువ తిరిగాడు. నేను బతిమాలాను, తిట్టాను, నోరు మూసుకుని ఉంటానని మా చెల్లెలి మీద ఒట్టు వేయించుకుందామని చూశాను. ఒట్టు మాత్రం వెయ్యలేదు.

శనివారం పొద్దున వాకిట్లో అంతా వరస కట్టారు. ఒక పక్క పికప్, ఒక పక్క సీబ్ లారీ. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. మొయినుద్దీన్ సాబ్ బావను చూసి, "నువ్వు పో, బండ్ల కూర్చో," అన్నాడు. బావ కదల్లేదు. తువ్వాల చేతిలో పెట్టుకుని పిండుతున్నాడు.

గంగారాం వచ్చాడు. కడుపు చుట్టూ పంచె గట్టిగా బిగించి కట్టుకున్నాడు. దూరే ముందు బావ దగ్గరికి వచ్చి వంగి కాళ్ళు ముట్టుకున్నాడు. "సామీ, ఇయ్యాల తేల్తనని చెప్పు." పెదవులు పగిలి ఉన్నాయి, కళ్ళు లోపలికి పోయాయి. డబ్బాలో తల పట్టింది. భుజాల దగ్గర ఆగింది. పస్తుంటే మాంసం కరుగుతుంది గానీ ఎముక కరుగుతుందా? కాళ్ళు కొట్టుకుంటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎప్పటిలాగే నవ్వారు. లాగి బయట పడేస్తే లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయాడు.

బావ పోయి వాణ్ణి చంకల కింద చేతులు వేసి లేపాడు.

"గంగారాం, అన్నం తిను పో. నాకు ఏ మొక్కు లేదు. నీడ పోతదని కడుపు మాడ్చుకున్న. గీ డబ్బా అబద్దం. డక్టుల నువ్వు పడుతవ్, పెద్దులు పడుతడు, అందరు పడుతరు."

నవ్వు ఆగిపోయింది. బావ మోకాలు ఊగడం లేదు. ఆ సంగతి నేను గమనించాను. తర్వాత గోల మొదలైంది. ఒకడు సాబ్‌ను తిట్టాడు, ఒకడు బావను తిట్టాడు, ఒకడు డబ్బాను కాలితో తన్నాడు. కాళ్ళకు మొక్కినవాళ్ళు ఇద్దరు ముగ్గురు బావ మీదికి కూడా వచ్చారు. నేను భుజాలు అడ్డం పెట్టాను. చివరికి, "వంతులు పెట్టు సాబ్! వారానికొకడు!" అని అరుపులు లేచాయి. మొయినుద్దీన్ సాబ్ లవంగం ఉమ్మేశాడు.

"మంచిది. వంతులే. తాడు పెద్దులుదే, దూరేది ఈ వారం గంగారాం. ఇగ ఈ దేవయ్యది అందరికన్న ఆఖరి వంతు. అప్పటిదాక సీబ్."

అందరికన్నా ఆఖరి వంతంటే, ఆ ఎండాకాలం మొత్తం గడిచిపోతుంది. బావ డ్రమ్ములో తువ్వాల ముంచి, తలకు చుట్టుకుని లారీ దగ్గరికి నడిచాడు. ఎండలో నడిచాడు. ఆయన భయం ఎక్కడికీ పోలేదు, దాన్ని వెంట తీసుకుని ఎక్కాడు.

నేను తాడు కింద పారేసి లారీ అంచు పట్టుకున్నాను. "పిచ్చోడా! చేతికొచ్చిన నీడను బజార్ల పారేస్తివి గదా! నా చెల్లెకు నేనేం జెప్పాలె? జరుగు, నేను గూడ వస్త."

"నువ్వొస్తె గంగారాం తాడు ఎవలు వడుతరు? కొత్తోడు. దిగు," అని నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు.

పొద్దున్నే నా మధ్యాహ్నానికని కట్టుకున్న టిఫిన్ క్యారియర్ తీసి ఆయన చేతిలో పెట్టాను. పై గిన్నెలో పప్పు, కింది గిన్నెలో అన్నం. లారీ కదిలింది. ఇంకా క్యాంపు గేటు కూడా దాటలేదు, తట్టల మధ్య కూర్చుని మూత తీశాడు. పొద్దు సరిగ్గా ఎక్కనే లేదు, పగటి అన్నం తినేస్తున్నాడు! పెద్ద పెద్ద ముద్దలు, చుట్టూ ఎవరున్నారో చూడకుండా. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటినీ కలిపి గట్టిగా అరిచాను.

"ఇప్పుడే తింటె పగటికేం తింటవ్ బావా?"

నోటి నిండా అన్నంతో ఆయన తల ఎత్తాడు.

"ఎండల వడొద్దంటె తినాలె గద! నువ్వు మాపటికి ఎక్కువ వండు!"

లారీ సీబ్ రోడ్డెక్కింది. నేను వంగి తాడు ఎత్తుకున్నాను.